వంద వాట్ల భయం

పాలమూరు వైపు పానగల్‌లో సొంత రేడియో పెట్టాలని మా ఊరి పిల్లలకు పట్టుకుంది. డిగ్రీ అయిపోయి, గ్రూపుల పరీక్షలకు చదువుతూ, ఏ గ్రూపూ పిలవక, కోట గుట్ట కింద బండల మీద కూర్చుని ఫోన్లో రీళ్లు తీసుకునే పిల్లలు వీళ్లు. రీళ్ల నుంచి రేడియోకి రావడం మంచి లక్షణమే. అయినా పెద్దవాణ్ని కాబట్టి నాలుగు మాటలు చెప్పి భయపెట్టడం నా బాధ్యత.

ముందు యంత్రం సంగతి. కమ్యూనిటీ రేడియోకి సర్కారు ఒప్పుకునే ప్రసార శక్తి వంద వాట్లు. వెనకట మన వసారాల్లో వేలాడిన పచ్చ బల్బు ఉందే, కాగితం మీద దాని లెక్కా అంతే. ఆ బల్బు కింద కూర్చుని రాత్రిళ్లు పల్లికాయ ఒలిచాం, చిట్టీల లెక్కలు చూసుకున్నాం, పాలివాళ్లతో పంచాయితీలు పెట్టుకున్నాం. దేశ సమగ్రతకు దానివల్ల ముప్పు వచ్చినట్టు ఎక్కడా కేసు నమోదు కాలేదు. అవే వంద వాట్లను ముప్పై మీటర్ల స్తంభం ఎక్కించి, వాటికో మైకు తగిలించి చూడండి. సమాచార ప్రసార శాఖ, హోం శాఖ, రక్షణ శాఖ, టెలికాం శాఖ ఒక్కసారి ఉలిక్కిపడి లేచి కూర్చుంటాయి.

లేచి కూర్చున్నాక తొందరేమీ పడవు. మీ సంస్థ రిజిస్టరై మూడేళ్లు నిండి ఉండాలి. ఢిల్లీ కమిటీ ముందు హాజరు కావాలి. ఇరవై ఐదు వేల బ్యాంకు గ్యారంటీ కట్టాలి, ఒప్పందం రాసుకోవాలి, ఫ్రీక్వెన్సీ తెచ్చుకోవాలి, స్తంభం నాటే చోటు విమానాలకూ ఇతర తరంగాలకూ అడ్డం కాదని ఇంకో కమిటీతో అనిపించుకోవాలి, ఆపైన వైర్‌లెస్ ఆపరేటింగ్ లైసెన్సు రావాలి. 1417 ప్రాంతంలో ఫిరోజ్ షా బహమనీ పానగల్ కోటను ముట్టడించి రెండేళ్లు గుడారాల్లో కూర్చున్నాడు. దండులో రోగాలు పుట్టాయి, గుర్రాలు చచ్చాయి, చివరికి విజయనగరం సేన వచ్చి తరిమికొట్టింది. ఈ యుద్ధం మాదని మేమంటాం, నల్లగొండ పక్కన ఉదయసముద్రం కట్ట మీది పానగల్ వాళ్లు కాదు మాదంటారు. లైసెన్సుకు దరఖాస్తు పెట్టినవాడికి ఆ సందేహం అక్కర్లేదు. అది అతని చరిత్రే.

సరే, ముట్టడి గెలిచారే అనుకుందాం. స్తంభం లేచింది. ఎర్రలైటు వెలిగింది. మైకు ముందు కూర్చున్నారు. ఏం చెబుతారు?

వార్తలు తప్ప ఏదైనా చెప్పుకోండి.

ఇది నా హాస్యం కాదు, సర్కారు హాస్యం. కమ్యూనిటీ రేడియో గానీ ప్రైవేటు ఎఫ్ఎం గానీ సొంతంగా వార్తలు చెప్పకూడదు. ఆకాశవాణి వార్తల్ని అక్షరం మార్చకుండా వినిపించుకోవచ్చు. అంటే పానగల్ రేడియో ఢిల్లీలో ఏం జరిగిందో చెప్పొచ్చు, జెనీవాలో ఏం జరిగిందో చెప్పొచ్చు, పానగల్‌లో ఏం జరిగిందో మాత్రం చెప్పకూడదు. స్థానిక రేడియోలో స్థానికం ఒక్కటే నిషిద్ధ వస్తువు. కల్లు దుకాణానికి లైసెన్సిచ్చి సోడాలు మాత్రమే అమ్ముకోమన్న సర్కారును మీరెక్కడైనా చూశారా? మన సర్కారుకు కల్లు విషయంలో ఉన్న ఇంగితం తరంగాల దగ్గరికి వచ్చేసరికి ఎటు పోతుందో అంతుపట్టదు.

అన్నీ మూసేశారనుకునేరు. దయతో కొన్ని కిటికీలు తెరిచి ఉంచారు. ఆటల పోటీలు, వాతావరణం, ట్రాఫిక్కు, పండగలు పబ్బాలు, పరీక్షా ఫలితాలు, కాలేజీ అడ్మిషన్లు, ఉద్యోగ ప్రకటనలు, కరెంటు నీళ్ల గురించి అధికారులిచ్చే ప్రకటనలు, తుఫాను హెచ్చరికలు, ఇవి వార్తల కింద లెక్క కాదు. కాబట్టి "రేపు పది నుంచి రెండు దాకా కరెంటు ఉండదు" అని నిశ్చింతగా చదవండి. "నిన్నా ఉండలేదు, మొన్నా ఉండలేదు, ఎందుకుండలేదంటే" అన్నారో, ఆ "ఎందుకు" దగ్గర చట్టం మిమ్మల్ని పట్టుకుంటుంది. పదో తరగతి ఫలితాలు చదవొచ్చు. ఏడాదంతా లెక్కల సారు లేకుండా ఆ పరీక్ష రాశారన్నది చదవకూడదు. ట్రాఫిక్కు చెప్పుకోవచ్చన్న మాట నన్ను ప్రత్యేకంగా కదిలించింది. పానగల్‌లో ట్రాఫిక్కంటే గొర్రెల మంద రోడ్డు దాటడం. అది ప్రతి సాయంత్రం నిఖార్సుగా ప్రసారం చేయండి, ఎవరూ అడ్డుపడరు.

ఈ నిషేధం న్యాయమా అని కామన్ కాజ్ అనే సంస్థ 2013లో సుప్రీంకోర్టు గడప ఎక్కింది. సర్కారు ఇచ్చిన జవాబు నాకు నోటికొచ్చు. ఇన్ని కేంద్రాలు చెప్పే వార్తల్ని కనిపెట్టి చూసే యంత్రాంగం మా దగ్గర లేదు, భద్రతకు ముప్పు రావచ్చు, అంది. వందల కొద్దీ టీవీ న్యూస్ చానళ్లు రాత్రి తొమ్మిదింటికి ఒకేసారి గొంతు చించుకుంటుంటే కనిపెట్టే యంత్రాంగం ఉంది. వాట్సాప్ గ్రూపుల్లో పొద్దున లేస్తే పుట్టే పుకార్లకు భద్రత ఉంది. యూట్యూబులో ఎవడైనా లోగో గీసుకుని, గొట్టం పట్టుకుని ఎమ్మార్వో ఆఫీసు ముందు నిలబడొచ్చు. గట్టిగా గాలి వీస్తే గరగరలాడే మా వంద వాట్లను కనిపెట్టడానికి మాత్రం భారత ప్రభుత్వం దగ్గర మనుషుల్లేరు. అదే చేత్తో, ప్రసారం చేసిన ప్రతి కార్యక్రమాన్నీ మూడు నెలల పాటు భద్రపరచాలని రూలు రాశారు. భద్రపరచడం మా పని, వినకపోవడం వాళ్ల పని.

ఈ భయం ఇప్పటిది కాదు. హైదరాబాదులో ప్రైవేటుగా మొదలైన రేడియోను 1935లో నిజాం సర్కారు తన గుప్పిట్లోకి తీసుకుంది. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణి అయింది. షేర్వానీ పోయి ఖద్దరు వచ్చింది, గుప్పిట మాత్రం వదల్లేదు. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆకాశ తరంగాలు ప్రజల సొత్తని తీర్పు చెప్పింది. ఏ కేసులో అనుకున్నారు? క్రికెట్ మ్యాచీ ఎవరు చూపించాలన్న తగాదాలో. రైతులు, కూలీలు, దళితులు తమ గొంతు కోసం అడిగిందానికి కాదు, హీరో కప్పు కోసం క్రికెట్ సంఘం కొట్లాడినందుకు ఈ దేశంలో గాలి ప్రజలదైంది. దేని పుణ్యమైనా పుణ్యమే, కాదనను.

గాలి మనదైన ఏడేళ్లకు కృష్ణ, తుంగభద్ర దాటితే వచ్చే కర్నూలు జిల్లాలో, ఓర్వకల్లు పొదుపు సంఘాల ఆడవాళ్లు ఆ తీర్పును నిజమని నమ్మారు. 2002 అక్టోబరులో చిన్న ట్రాన్స్‌మిటరొకటి పెట్టి "మన రేడియో" మొదలెట్టారు. ఊరి పొలిమేర దాటితే వినపడని రేడియో. పొదుపు లెక్కలు, ఆరోగ్యం, పాటలు, వాళ్ల మాటలు. 2003 ఫిబ్రవరిలో అధికారులు వచ్చారు, ఇది అక్రమ ప్రసారమన్నారు, పెట్టె పట్టుకుపోయారు. అప్పట్లో ఈ దేశంలో తరంగాల మీద పెత్తనమంతా 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టానిది. మార్కోనీ తీగ లేకుండా సంకేతాలు పంపింది 1895లో. రేడియో పుట్టడానికి పదేళ్ల ముందే దాన్ని నేరం చేయడానికి పనికొచ్చే చట్టం రాసి పెట్టుకున్న తెల్లదొరల ముందుచూపును మెచ్చుకోవాలి. దాన్ని 21వ శతాబ్దంలోకి పదిలంగా మోసుకొచ్చిన నల్లదొరల్ని ఇంకొంచెం ఎక్కువ మెచ్చుకోవాలి. గాలి ప్రజలదే, అందులో అనుమానం లేదు. ట్రాన్స్‌మిటరే కేసు ప్రాపర్టీ.

బీహార్‌లో వైశాలి జిల్లా మన్సూర్‌పూర్‌లో ఒక రిపేరు షాపు కుర్రాడు, రాఘవ్ మహతో, యాభై రూపాయల సామానుతో ఊరికి రేడియో పెట్టాడు. మూడేళ్లు నడిచింది. 2006లో అదీ మూశారు. అదే ఏడాది నవంబరులో స్వచ్ఛంద సంస్థలూ కమ్యూనిటీ రేడియో పెట్టుకోవచ్చని సర్కారు విధానం ప్రకటించింది. ముందు పెట్టినవాణ్ని మూసి, తరువాత పెట్టుకోండని పిలవడం మనవాళ్లకు చేతనైన మర్యాద.

ఇంతలో జహీరాబాదు దగ్గర మాచునూరు ఆడవాళ్లు ఏం చేశారో చెప్పాలి. వాళ్లు లైసెన్సు కోసం నోరు మూసుకుని కూర్చోలేదు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు ఏళ్ల తరబడి కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లలో ఊరూరి సంఘాలకు వినిపించారు. గాల్లోకి వదిలితే నేరం, సంచిలో పెట్టుకుని నడిచిపోతే నేరం కాదు గనుక. చివరికి 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. నడిపింది ఇద్దరు నర్సమ్మలు, ఆల్గోల్ నర్సమ్మ, జనరల్ నర్సమ్మ. ప్రారంభించడానికి వచ్చింది 1995 తీర్పు చెప్పిన జస్టిస్ పి.బి. సావంతే. తాను రాసిన తీర్పు పల్లెటూళ్లో అమలవుతుంటే కళ్లారా చూసే భాగ్యం ఎందరు జడ్జీలకు దొరుకుతుంది? పదమూడేళ్లకైనా దొరికింది.

ఆ సంఘం రేడియోలో వాళ్లు జొన్నల గురించి, కొర్రల గురించి, మంత్రసాని పనుల గురించి వాళ్ల యాసలోనే మాట్లాడుకున్నారు. ఇది చిన్న సంగతి కాదు. అంతకు ముందు రేడియోలో తెలంగాణ మాటకు దొరికిన చోటు ఎక్కువగా రైతుల, కార్మికుల కార్యక్రమాల్లో. అక్కడ చిన్నక్క అనే పాత్ర మన మాటే మాట్లాడింది, జనం చెవులు కోసుకున్నారు, నిజమే. చిన్నక్క పక్కకు తప్పుకోగానే వార్తలు, ప్రసంగాలు మళ్లీ ఇస్త్రీ చేసిన తెలుగులోకి వెళ్లిపోయేవి. ఇంట్లో "ఏం జేస్తున్నవే" అని అరిచి బయల్దేరిన అనౌన్సరు, స్టూడియో తలుపు తోయగానే "ఏం చేస్తున్నారండీ" అయిపోయేవాడు. చెప్పులు బయట విడిచినట్టు యాస బయట విడిచేవాడన్నమాట.

ఇక ఉద్యోగ సుఖాలు. ఆకాశవాణిలో చేరదామని కొందరికి ఉంటుంది. 1980ల నడుమ నుంచి ఆదిలాబాదు, కొత్తగూడెం, వరంగల్, నిజామాబాదు స్థానిక కేంద్రాలు ఒక్కొక్కటీ వచ్చాయి. పాలమూరు చెవి మాత్రం ఒకటి హైదరాబాదుకు, ఇంకొకటి కర్నూలుకు అప్పగించి ఉండేది. ఈ కేంద్రాల్లో మీరు వినే కమ్మటి గొంతుల్లో ఎన్నో క్యాజువల్ అనౌన్సర్లవి. రాతపరీక్ష, గొంతు పరీక్ష, "వాణి" అనే శిక్షణ, దాని సర్టిఫికెట్టు, ఇన్ని అయ్యాక దక్కేది నెలకు ఆరు డ్యూటీలు. మిగతా ఇరవై నాలుగు రోజులు మీ గొంతు మీ ఇష్టం. ఇట్లా ఇరవయ్యేళ్లు, పాతికేళ్లు క్యాజువల్‌గా గడిపినవాళ్లున్నారు. ఈ దేశంలో ఇంత పర్మినెంటుగా ఉన్న తాత్కాలికం ఇంకోటి లేదు. పెళ్లి సంబంధానికి వచ్చినవాళ్లు "పిల్లగాడు రేడియోలనా, మేం రోజూ వింటం" అని మురిసిపోతారు. "మరి ఎప్పుడు పర్మినెంటు?" అన్న రెండో ప్రశ్నకు టీ చల్లారిపోతుంది.

అయినా ఆ పని వదలబుద్ధి కాదు. ఎందుకో బయటివాళ్లకు తెలియదు. మొహం తెలియకుండా ఊరంతా తెలిసిన మనిషిగా బతకడంలో ఒక సుఖముంది. కిరాణా కొట్టులో "పావుకిలో చక్కెర" అనగానే పక్కనున్న ముసలమ్మ తిరిగి చూసి, "నువ్వు పొద్దుగాల పాటలేసే పిల్లవు గాదూ" అంటుంది. కొట్టువాడు బాకీ మాఫీ చేయడు, అది వేరే విషయం. ఉత్తరాల రోజుల్లో పోస్టుకార్డు మీద ఇంటిల్లిపాది పేర్లూ రాసి పాట కోరేవాళ్లు. తాత, నాయనమ్మ, మేనత్త, పుట్టబోయే బిడ్డ కూడా. ఆ పేర్లన్నీ చదివేసరికి పాటకు పల్లవి మాత్రమే మిగిలేది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు, వాళ్లకు కావలసింది పాట కాదు గనుక.

ప్రమాదాలూ ఉన్నాయి. తెల్లవారుజాము డ్యూటీకి బస్సుండదు. స్టూడియోలో చలి మెషీన్ల కోసం పెట్టింది, మనుషుల కోసం కాదు. బల్లులుంటాయి, అవీ క్యాజువలే. మైకు మూశామనుకుని పక్కవాడితో అన్న మాట మూడు జిల్లాలు వింటాయి. పెద్దవాళ్లెవరైనా పోతే సినిమా పాటలన్నీ ఆగిపోతాయి, వీణ మొదలవుతుంది, శ్రోతలు రేడియో చెడిపోయిందని తల మీద రెండు దెబ్బలు వేస్తారు. వాతావరణం చదవడం అన్నిటికంటే పెద్ద ప్రమాదం. "ఒకటి రెండు చోట్ల తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు" అని పాలమూరు జిల్లాలో ఎన్నేళ్లు చదివారో లెక్కే లేదు. ఆ ఒకటి రెండు చోట్లు ఎక్కడున్నాయో కాస్త చెప్పండి, అక్కడే భూమి కొనుక్కుంటామని మా రైతులు అడిగేవాళ్లు.

పానగల్‌లో వీటికి తోడు కోతులు. కోట గుట్ట మీది కోతులకు మీ యాంటెన్నా వైరు ఉయ్యాల. వాటికి వైర్‌లెస్ ఆపరేటింగ్ లైసెన్సు అక్కర్లేదు. ఎఫ్ఎం తరంగం తాడు లాగినట్టు తిన్నగా పోతుంది, గుట్ట అడ్డమొస్తే ఆగిపోతుంది. గుట్టకు ఇవతల స్తంభం పాతితే అవతలివాళ్లు అలుగుతారు, అవతల పాతితే ఇవతలివాళ్లు చందా ఇవ్వరు.

వీటన్నిటికీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఫోన్-ఇన్. రోజుకు గంట, శ్రోతతో ముఖాముఖి, అనౌన్సరు చేయి మాత్రం మీట మీద.

"హలో, ఎక్కడి నుంచమ్మా?"

"పానగల్ నుంచి సార్. లైను దొరికింది, మస్తు సంతోషం సార్."

"మాకూ చాలా సంతోషం. ఏం చేస్తుంటారమ్మా?"

"ఉపాధి పనికి పోతున్న సార్. పైసలు పడక రెండు నెలలాయె."

"చాలా సంతోషం. టిఫిన్ చేశారా?"

"మాకు టిఫినెక్కడిది సార్, సద్ది దిన్న. సార్, కాల్వ నీళ్లు మా చెరువుకు రాలే. మీదోళ్లు తూములు ఎత్తుకపోతున్నరు, మీరన్న జర చెప్పరాదు..."

"ఓహో, ప్రకృతి గురించి చక్కగా చెప్పారు. మరి ఏ పాట కావాలమ్మా?"

"ఏదో ఒకటి వెయ్యి సార్. మా ఆయన బొంబాయిల మేస్త్రీ పనికి పోయిండు, మూడు నెలలసంది ఫోన్ లేదు."

"అయితే బొంబాయిలో ఉన్న మీ వారి కోసం, ఒక హుషారైన పాట!"

ఈ అనౌన్సరును తిట్టకండి. అతనికి ఆ చెరువు తెలుసు, ఆ తూములెత్తిన చెయ్యీ తెలుసు. తెలిసీ "చాలా సంతోషం" అనడమే అతని ఉద్యోగం. వార్త దానంతటది నడిచొచ్చి మైకులో దూరుతుంటే దాన్ని పాటతో నొక్కిపెట్టే పనికి అతనికి జీతమిస్తున్నారు. నెలకోసారి ఆదివారం పదకొండింటికి, 2014 నుంచి, ప్రధానమంత్రి తన మనసులో మాట దేశానికి రేడియోలోనే చెబుతున్నారు. రేడియో శక్తి తెలిసిన మనిషి. పానగల్ అమ్మ మనసులో మాటకు మాత్రం మీట కిందికి దిగుతుంది.

ఢిల్లీని ఇంత తిట్టాను గానీ, పిల్లలూ, రేపు ఢిల్లీ ఈ నిషేధం ఎత్తేస్తే? టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023 సెప్టెంబరులో సిఫారసు చేసింది, ప్రైవేటు ఎఫ్ఎంలకు గంటకు పది నిమిషాలు వార్తలు ఒప్పుకోమని. ఎప్పుడో ఒకనాడు ఆ పది నిమిషాల్లో మీకూ వాటా దక్కిందనుకోండి. అప్పుడు అసలు ప్రమాదం మొదలవుతుంది. ఢిల్లీ పేపరు వాడు మంత్రిని తిడితే, మంత్రి లాయరు నోటీసు రావడానికి నెల పడుతుంది. మీరు పానగల్‌లో నకిలీ విత్తనాల మాట ఎత్తితే దుకాణదారు పది నిమిషాల్లో నడిచొస్తాడు. రావడం రావడమే "ఏందిరా అల్లుడా" అంటాడు, ఎందుకంటే నిజంగానే మీకు మామ అవుతాడు. స్టూడియో పెట్టిన గది ఆయన తమ్ముడిది. పైగా మీకున్న ఒకే ఒక్క ప్రకటన ఆయనదే. 2024లో గంటకు ఏడు నిమిషాల ప్రకటనల్ని పన్నెండు చేశారు, సర్కారు ప్రకటనకు పది సెకన్లకు డెబ్బై నాలుగు రూపాయలన్నారు. ఆ సర్కారు ప్రకటనలు పానగల్ దాకా ఏ బస్సెక్కి వస్తాయో గానీ, అప్పటిదాకా మీ డీజిలు ఖర్చు మామ విత్తనాల మీదే నడవాలి. సెన్సారు ఆఫీసరును మేనేజ్ చేయొచ్చు, మామను ఎట్లా చేస్తారు?

ఇంత చెప్పినా వాళ్లు వినేట్టు లేరు. పోనీ, నడిచే దారొకటి చెబుతాను.

వార్త చెప్పకండి. పాట పాడండి. సగం కార్యక్రమాలైనా ఊరివాళ్లు తయారు చేసినవే ఉండాలని రూలే అంటోంది. జానపద సంస్కృతిని ఎవరూ కాదనలేదు. తూములెత్తుకపోయినవాళ్ల మీద కోలాటం కట్టించండి. ఉపాధి పైసల మీద బతుకమ్మ పాట అల్లించండి, ఆడవాళ్లు రాత్రికి రాత్రే అల్లిపెడతారు, పేర్లతో సహా. మామ విత్తనాల మీద బుర్రకథ, హాస్యగాడి వంత ఎటూ ఉంటుంది. లెక్కల సారు లేని బడి మీద పిల్లల నాటిక, పాత్రలు కల్పితం. సాయంత్రం ఢిల్లీ వార్తలు అక్షరం మార్చకుండా వేయండి, వెంటనే గొర్రెల మంద ట్రాఫిక్కు చెప్పండి, ఆ వెనకే కోలాటం. ఎవరైనా వచ్చి అడిగితే, సారూ, ఇది మా సంస్కృతి అనండి.

ఇంకా అనుమానం తీరక మూడు నెలల రికార్డింగులు పంపమని ఢిల్లీ అడిగిందనుకోండి, సంతోషంగా పంపండి. ఒక్క పాటా కొయ్యకుండా, మొత్తం. వాటిని కూర్చుని చివరిదాకా విన్న గుమాస్తా ఒక్కడుంటే చాలు, పానగల్ చెరువుకు నీళ్లెందుకు రాలేదో ఢిల్లీలో ఒక్కడికైనా తెలుస్తుంది.